డ్యూటీ చార్ట్ వేసే చేయి

(కర్నూలులో కొత్త స్టాఫ్ నర్సులు, నర్సింగ్ ట్యూటర్లు, కొందరు ప్రభుత్వ బడుల టీచర్లు కలిసి కూర్చున్న సమావేశంలో, ఉద్యోగ విరమణ చేసిన ఒక నర్సింగ్ ట్యూటర్ మాట్లాడిన మాటలివి. రికార్డింగ్ విని రాశాం. మాట తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఆ వెనక వరుసలో కూర్చున్న పిల్లల్ని ఒకటి అడగాలి. నైట్ డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికే వచ్చినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. నలుగురు... కాదు, ఆరుగురు. టిఫిన్ అయినా తిన్నారా? బయట ఉగ్గాని, బజ్జీ పెట్టారు, వచ్చేటప్పుడు చూశాను. సరే. మధ్యలో నిద్ర వస్తే పోండి, నేనేమీ అనుకోను. నా క్లాసులో కునుకు తీసిన పిల్లలే ఇప్పుడు నాకు బీపీ చూస్తున్నారు.

నన్ను పిలిచినవాళ్లు ఇచ్చిన టాపిక్ చాలా పెద్దది. వృత్తిలో ఎదుగుదల, మెంటరింగ్ అంటే అనుభవం ఉన్నవాళ్లు కొత్తవాళ్లకు పక్కనుండి నేర్పడం, ఉద్యోగానికీ ఇంటికీ మధ్య బ్యాలెన్స్. ఒక్కోదాని మీద ఒక్కో పూట మాట్లాడొచ్చు. కానీ నా అనుభవంలో ఈ మూడూ ఒక్క చోటే తేలాయి. ఆ చోటు ఏదో చెప్పాలంటే ముందు నేను చేసిన ఒక తప్పు గురించి చెప్పాలి.

నేను జీఎన్‌ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా, పూర్తి చేసి ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది. ఏ ఆసుపత్రో చెప్పను. మెడికల్ వార్డు, మధ్యాహ్నం షిఫ్టు. యాభై మంది దాకా పేషెంట్లు, చూసేది ఇద్దరం నర్సులం, మా పైన హెడ్ సిస్టర్. ఒక పెద్దాయనకు యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇవ్వాలి. అది పొడి మందు, డిస్టిల్డ్ వాటర్ పోసి కరిగించాలి. ట్రేలోంచి 10 మి.లీ. ఆంప్యూల్, అంటే మూతి మూసేసిన చిన్న మందు సీసా, తీశాను, మెడ విరిచాను, సిరంజిలోకి లాగాను. పక్క బెడ్ దగ్గర డ్రిప్ సరిచేస్తున్న హెడ్ సిస్టర్ రెండడుగులు ఇటు వేసి నా మణికట్టు పట్టుకున్నారు. "ఒక్క నిమిషం ఇట్ల రా తల్లీ" అన్నారు. గొంతు పెంచలేదు. పక్క పేషెంటు కూడా తల తిప్పలేదు. స్టోర్ రూములోకి తీసుకుపోయి, విరిచిన ఆంప్యూల్ నా అరచేతిలో పెట్టి, పైన ఏం రాసుందో చదవమన్నారు.

పొటాషియం క్లోరైడ్.

నర్సులందరికీ అర్థమైంది, మీ మొహాలు చూస్తే తెలుస్తోంది. టీచర్ల కోసం చెబుతాను. మన రక్తంలో పొటాషియం లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీ ఈక్వివలెంట్ల దాకా ఉండాలి. ఆ చిన్న ఆంప్యూల్‌లో 20 ఉంటాయి. పెద్ద సెలైన్ సీసాలో కలిపి, గంటల తరబడి చుక్కచుక్కగా ఎక్కిస్తే అది మందు. నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోతుంది. చూడటానికి మాత్రం నీళ్లలాగే ఉంటుంది. ఆ రోజుల్లో మా ట్రేలో రెండు ఆంప్యూళ్లూ పక్కపక్కనే ఉండేవి, కవల పిల్లల్లాగా.

నాకు కాళ్లలో వణుకు మొదలైంది. తిట్లు పడతాయని తల దించుకుని నిలబడ్డాను. నిజం చెప్పాలంటే తిడితే బాగుండు అనిపించింది, అక్కడితో అయిపోతుంది కదా అని. ఆమె తిట్టలేదు. "పేరు చదవకుండా విరిచినావు. అది నీ తప్పు. ఈ రెండూ ఒకే ట్రేలో ఉంటే ఊరుకున్నాను. అది నాది" అన్నారు. నాతోనే పొటాషియం ఆంప్యూళ్లన్నీ ఏరించి, ఒక డబ్బాలో వేయించి, డబ్బా చుట్టూ ఎర్ర ప్లాస్టర్ అతికించి, వేరే బీరువాలో పెట్టించి తాళం వేయించారు. తర్వాత మళ్లీ ఆ బెడ్ దగ్గరికే తీసుకుపోయారు. "ఇప్పుడు కలుపు. పేరు పైకి చదువు. నేను ఇక్కడే ఉంటా."

పెద్దాయనకు ఇవేమీ తెలియవు. "ఏంది తల్లీ, ఇంతసేపు చేస్తాండారు, పెద్ద సూదా?" అన్నాడు. "పెద్దది కాదు తాతా. మా పాప కొత్త, నిదానంగా చేస్తాంది" అన్నారు సిస్టర్.

గాఢమైన పొటాషియంను వార్డు ట్రేల్లో ఉంచకూడదన్నది తర్వాతి కాలంలో ప్రపంచమంతా రోగి భద్రతా నియమాల్లో చేరింది. మా సిస్టర్ ఏ సర్క్యులరూ చదివి ఆ పని చేయలేదు. ఆ సాయంత్రం తన ట్రేను తాను చూసుకుంది, అంతే. ముప్పై నాలుగేళ్లు పనిచేశాను నేను. మెంటరింగ్ అన్న మాట వినిపించినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది నా మణికట్టు మీద ఆమె చేయి.

ఆరునెలలకు నన్ను ఇంకో వార్డుకు మార్చారు. అక్కడి ఇన్‌ఛార్జి పనిలో దిట్ట. ఆమె కాన్యులా, అంటే సెలైన్ ఎక్కించే సన్న గొట్టం, పెడితే నరం తప్పేది కాదు, పసిపిల్లలకైనా సరే. కానీ చిన్న పొరపాటు జరిగితే చాలు, పేషెంట్ల ముందు, వాళ్ల వెంట వచ్చినవాళ్ల ముందు, "నీకు సర్టిఫికెట్ ఇచ్చిందెవరు?" అని మొదలుపెట్టేది. ఆమెను చూసి మేము ఏం నేర్చుకున్నామో తెలుసా? దాచడం. థర్మామీటర్ పగిలితే ముక్కలు చేతి రుమాల్లో కట్టి బయట పారేయడం. బీపీ చూడటానికి టైము చాలకపోతే చూడకుండానే చార్టు నింపడం. ఆ వార్డులో ఉన్నవాళ్లందరి బీపీ 120/80. రాయలసీమ మొత్తం మీద అంత ఆరోగ్యవంతులు దొరికే చోటు ఇంకోటి ఉండదు.

నవ్వుతున్నారు గానీ, మీలో ఎంతమంది అలా నింపారో నేను అడగను.

ఇక పుస్తకాల్లో సంగతికి వస్తాను, కొద్దిగానే. ప్యాట్రీషియా బెన్నర్ అని అమెరికాలో ఒక నర్సింగ్ ప్రొఫెసర్. నర్సు అనుభవం ఐదు మెట్లుగా పెరుగుతుందని 1984లో రాసింది. మొదటి మెట్టు మీద ఉన్నవాళ్లు నియమం పట్టుకుని వేలాడతారు. నాలుగు గంటలకోసారి టెంపరేచర్ అంటే నాలుగు గంటలకోసారే. ఐదో మెట్టు మీద ఉన్నవాళ్లు వార్డు గుమ్మంలో నిలబడి, "ఆ ఏడో బెడ్ చూడండి, నాకేదో బాగా అనిపించట్లేదు" అంటారు. ఏం కనిపించింది అని అడిగితే సరిగ్గా చెప్పలేరు. గంటకు ఏడో బెడ్ పేషెంటుకు బీపీ పడిపోతుంది. మన పల్లెల్లో మబ్బు చూసి వాన చెప్పే రైతు ఉంటాడు కదా, అలా.

బెన్నర్ చెప్పినదాంట్లో నాకు పనికొచ్చిన మాటలు రెండు. ఐదో మెట్టు మీద ఉన్న మనిషిని అలవాటు లేని చోటుకు మారిస్తే మళ్లీ మొదటి మెట్టుకే దిగుతుంది. ఇరవై ఏళ్లు లేబర్ రూములో చేసిన సిస్టర్‌ను ఐసీయూలో వేస్తే ఆమె కొత్త పిల్లే. కానీ జుట్టు నెరిసింది కాబట్టి ఆమెకు ఎవరూ నేర్పరు, ఆమె ఎవరినీ అడగదు. సీనియర్లకు కూడా మెంటర్ కావాలని నేననేది అందుకే. రెండో మాట, బాగా అనుభవం ఉన్నవాళ్లు తమకు తెలిసింది మాటల్లో పెట్టలేరు. క్లాసులో చెప్పమంటే రాదు. పక్కన నిలబడితే వస్తుంది. కాబట్టి కొత్తవాళ్లను వాళ్ల పక్కన నిలబెట్టాలి, అదే డ్యూటీలో, అదే బెడ్ దగ్గర. ఒకరు ఎప్పుడూ పొద్దున షిఫ్టులో, ఇంకొకరు ఎప్పుడూ నైట్‌లో ఉంటే ఇది జరగదు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ ఇక్కడికే వస్తాను.

మన కర్నూలు పెద్దాసుపత్రి సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. మెడికల్ కాలేజీ 1956లో వచ్చింది. ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచే కాదు, అలంపూర్ నుంచి, రాయచూరు వైపు నుంచి కూడా జనం వస్తారు. ఇక్కడ ఒక్క నెలలో చూసే కేసులు చిన్న ఊళ్లో ఏడాదికి కూడా కనిపించవు. అయితే చూసినంత మాత్రాన చదువు కాదు. డ్యూటీ దిగేటప్పుడు "ఈ రోజు ఏం చూసినావు, ఏది అర్థం కాలేదు?" అని అడిగే మనిషి ఉండాలి. ఆ మనిషి లేకపోతే మిగిలేది కాళ్ల నొప్పులే.

ఇప్పుడు టీచర్ల వైపు తిరుగుతాను. మా చెల్లెలు ఎస్జీటీగా, అంటే చిన్న తరగతుల టీచరుగా, చేసింది. మొదటి పోస్టింగ్ కోసిగి వైపు ఒక పల్లె, ఏకోపాధ్యాయ పాఠశాల. ఆమే టీచరు, ఆమే హెడ్మాస్టరు, గంట కొట్టేదీ ఆమే. నర్సు తప్పు చేస్తే పక్కన ఇంకో నర్సు అయినా ఉంటుంది. ఆ బళ్లో మా చెల్లెలికి ఎవరున్నారు? గోడ మీద గాంధీ బొమ్మ.

ఆ వైపు వాళ్లకు తెలుసు. పొలం పని అయిపోయాక కుటుంబాలు కుటుంబాలే గుంటూరు వైపు మిరపకాయ కోతలకు పోతాయి. పిల్లలూ వెంట పోతారు. మొదటి ఏడాది సంక్రాంతి అయ్యాక బడి తెరిస్తే నలభై మందిలో పద్నాలుగు మంది వచ్చారు. మా చెల్లెలు ఏమనుకుంది? నాకు చదువు చెప్పడం రాదు, అందుకే పిల్లలు మానేశారు అనుకుంది. రాత్రి ఫోన్ చేసి ఏడ్చేది. నేను ఏం చెప్పాలి? నాకు సూదులూ సెలైన్లూ తెలుసు, బడి తెలియదు.

చుట్టుపక్కల బళ్ల టీచర్లంతా కలిసే స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్ ఉంటుంది కదా, అక్కడ రిటైర్మెంటుకు దగ్గరపడిన ఒక హెడ్మాస్టర్ గారు పరిచయమయ్యారు. ఆయన సలహా ఏమీ ఇవ్వలేదట. "శనివారం బడి అయ్యాక వస్తాను, ఇళ్లకు పోదాం" అన్నారట. వచ్చారు. తాళాలు వేసిన ఇళ్లు ఒక్కొక్కటీ చూపించారు. ఇది ఫలానా వాళ్లిల్లు, వీళ్లు ఉగాదికి వస్తారు, ఈ ఇంట్లో అవ్వ ఉంది, పిల్లను అవ్వ దగ్గర వదిలిపెట్టమని వచ్చే ఏడాది దీపావళికే అడగాలి, ఈ ఇద్దరికి సీజనల్ హాస్టల్, అంటే పెద్దవాళ్లు వలస పోయినప్పుడు పిల్లలుండే హాస్టల్, అడగొచ్చు. వలస లెక్క మొత్తం ఆయన నోట్లో ఉంది. ఆ సాయంత్రం మా చెల్లెలు ఫోన్ చేసి ఏడవలేదు. "అక్కా, తప్పు నాది కాదంట. కానీ పని మాత్రం నాదేనంట" అంది. మరుసటి ఏడాది పిల్లలందరూ మిగిలారని చెప్పను, మిగల్లేదు. కొందరు మిగిలారు. మా చెల్లెలు కూడా మిగిలింది, ఉద్యోగం వదిలేయకుండా.

ఆ హెడ్మాస్టర్ గారి శనివారం సాయంత్రానికి ఏ రిజిస్టర్‌లో లెక్క ఉంది? ఎక్కడా లేదు. 2020 జాతీయ విద్యా విధానం టీచర్లకు ఏడాదికి 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంది. డాక్టర్లు ఐదేళ్లకు 30 గంటలు చదువుల్లో పాల్గొనాలని 2002 నాటి వైద్య వృత్తి నియమాల్లో ఉంది. మంచివే, వద్దనను. కానీ లెక్కకు వచ్చేది ఎవరో మైకు పట్టుకుని మాట్లాడిన గంట, సర్టిఫికెట్ చేతికి వచ్చిన గంట. ఈ రోజు నా ప్రసంగం కూడా మీకు ఆ లెక్కలో పడుతుందేమో! మణికట్టు పట్టుకున్న గంట, తాళాలు వేసిన ఇళ్లు చూపించిన గంట ఎవరి లెక్కలోనూ లేవు. యాప్‌లో ఫొటో ఎక్కించడానికి టైము ఇచ్చిన వ్యవస్థ దీనికి ఎందుకు ఇవ్వదు అని నేను చాలాచోట్ల అడిగాను. నవ్వి ఊరుకున్నారు.

ఇప్పుడు నేను చెప్పడానికి ఇష్టపడని సంగతి చెబుతాను.

నేను కూడా హెడ్ నర్స్ అయ్యాను. వార్డుకు డ్యూటీ చార్ట్ వేసేది నేనే. పొద్దున ఎనిమిది నుంచి రెండు, రెండు నుంచి రాత్రి ఎనిమిది, ఎనిమిది నుంచి తెల్లారి ఎనిమిది. చార్ట్ వేసే రోజు వార్డులో నాకంటే మర్యాద దక్కే మనిషి ఉండదు. కాఫీలు వస్తాయి. ఒకరికి పిల్లాడి పదో తరగతి పరీక్షలు, ఒకరికి అత్తగారి కంటి ఆపరేషన్, ఒకరికి యూనియన్‌లో తెలిసినవాళ్లున్నారు. అందరి మాటా వినాలి. మరి నైట్లు ఎవరికి వేయాలి? మా వార్డులో ఒక అమ్మాయి ఉండేది. పెళ్లి కాలేదు, హాస్టల్లో ఉంటుంది, అడిగినా అడగకపోయినా "సరే సిస్టర్" అంటుంది. దసరాకు ఆమెకే నైట్ వేశాను. దీపావళికి ఆమెకే. సంక్రాంతికి ఆమెకే. "నీకేమమ్మా, ఇంటి బాధ్యతలు లేవు కదా" అని పైగా ఒక మాట కూడా అన్నాను. పని బాగా చేస్తుంది కాబట్టి కష్టమైన కేసులూ ఆమె వైపే నెట్టాను. నేర్చుకుంటుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. నైట్‌లో ఆమె పక్కన నిలబడి నేర్పేవాళ్లు ఎవరూ లేరని నాకు తెలుసు. తెలిసే వేశాను.

ఏడాదిన్నరకు ఉద్యోగం మానేసింది. కారణం రాయమంటే "సొంత కారణాలు" అని రాసింది. వెళ్లేటప్పుడు నాకు దండం పెట్టింది. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. ఆమె ఊళ్లో తండ్రికి పక్షవాతం వచ్చి ఏడాదైందని, సెలవు అడగడానికి మొహమాటపడిందని, ఆమె పోయాక రూమ్మేట్ చెప్పింది. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. నాకు చేయి పట్టుకుని నేర్పిన సిస్టర్ బతికుంటే ఆ ట్రే ఎవరు సర్దారు అని అడిగేది. ఈసారి సర్దింది నేను.

అప్పటినుంచి చార్ట్ పద్ధతి మార్చాను. పెద్ద తెలివేమీ కాదు. పండగ నైట్లకు విడిగా ఒక పేజీ పెట్టి, పోయిన ఏడాది ఎవరు చేశారో అందరికీ కనబడేలా గోడకు అంటించాను. కొత్తగా వచ్చిన పిల్లకు మొదటి ఆరు వారాలు ఒంటరి నైట్ వేయకుండా, ఒకే సీనియర్‌తో ఒకే షిఫ్టులో వేశాను. ఆ సీనియర్‌కు రెండు బెడ్లు తగ్గించాను, నేర్పడం కూడా పనే కాబట్టి. గొడవలయ్యాయి. ఇద్దరు నాతో మూడు నెలలు మాట్లాడలేదు. కాఫీలు ఆగిపోయాయి.

నేను మొదట్లో చెప్పిన చోటు ఇదే. ఎదుగుదల, మెంటరింగ్, బ్యాలెన్స్ మూడూ ఆ ఒక్క కాగితం మీద తేలుతాయి. బళ్లో అయితే దాని పేరు టైం టేబుల్.

బర్నౌట్ అని ఇప్పుడు అందరి నోటా వినిపిస్తోంది. క్రిస్టీనా మాస్లాక్ అనే సైకాలజిస్టు దాని గురించి దశాబ్దాలు పనిచేసింది. మూడు లక్షణాలు చెప్పింది. ఒళ్లూ మనసూ అలిసిపోవడం. మనుషుల మీద మమకారం చచ్చిపోవడం, పేషెంటు పేరు పోయి "ఆ లివర్ కేసు" అని మిగలడం. నావల్ల ఏమీ కావట్లేదు అనిపించడం. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని తన వర్గీకరణలో చేర్చినప్పుడు జబ్బుగా చేర్చలేదు. పనిచేసే చోట చాలాకాలంగా సరిదిద్దకుండా వదిలేసిన ఒత్తిడి వల్ల వచ్చేదని రాసింది. పనిచేసే చోట అని ఉందా లేదా? మనవాళ్లు మాత్రం ఆదివారం పూట యోగా క్లాసు పెట్టి, దానికి రానివాళ్లకు మెమో ఇస్తారు. యోగా మంచిదే, నేనూ చేస్తాను, మోకాళ్లు ఒప్పుకున్నంత వరకు. రెసిడెంట్ డాక్టర్లకు వరుస డ్యూటీ మామూలుగా 12 గంటలు దాటకూడదని కేంద్రం 1992లోనే రాసింది. హౌస్ సర్జన్లకు ఈ మాట చెబితే నేనేదో జోకు చెప్పినట్టు చూస్తారు.

"మేడమ్, మీరు ఇల్లూ ఉద్యోగమూ ఎలా బ్యాలెన్స్ చేశారు?" అని నన్ను ప్రతి మీటింగులో అడుగుతారు. మా ఆయన బ్యాంకులో చేశారు, ఆయన్ను ఒక్కసారి కూడా ఎవరూ అడగలేదు. జవాబు చెబుతాను. నేను బ్యాలెన్స్ చేయలేదు, మా అత్త చేసింది. నేను పోస్ట్ బేసిక్ బీఎస్సీ, అంటే జీఎన్‌ఎం తర్వాతి నర్సింగ్ డిగ్రీ, రెండేళ్లు చదివేటప్పుడు మా వాడికి మూడేళ్లు. వాడికి జొన్నరొట్టె మెత్తగా నలిపి పాలల్లో వేసి తినిపించింది ఆమె, జ్వరం వస్తే రాత్రంతా కూర్చున్నది ఆమె. నా డిగ్రీ మీద ఆమె పేరు లేదు. అత్త లేని అమ్మాయి, అత్త ఒప్పుకోని అమ్మాయి ఏం చేయాలి? ఆసుపత్రిలో పిల్లల్ని చూసుకునే గది ఉండాలి, సరైన తాళం ఉన్న రెస్ట్ రూము ఉండాలి, రాత్రి డ్యూటీకి వచ్చేవాళ్లకు వెహికల్ ఉండాలి. ఇవి అడగడానికి సిగ్గుపడకండి.

చదువుకోవాలనుకునేవాళ్లకు ఒక మాట. దారులు మా కాలం కంటే ఎక్కువ. మిడ్‌వైఫరీ మీద కేంద్రం 2018లో మార్గదర్శకాలు ఇచ్చింది, నర్సులకు 18 నెలల శిక్షణ ఉంది. కాన్పులంటే ఇష్టమున్నవాళ్లు అటు చూడండి. విదేశాలకు పోతామంటారా, పోండి, భాష బాగా నేర్చుకుని పోండి. ఒక్క సంగతి మాత్రం మీకు మీరు తేల్చుకోండి. పని మీద ఇష్టంతో పోతున్నారా, ఒక ఇన్‌ఛార్జి మీద కోపంతో పోతున్నారా అని. కోపంతో పోతే అక్కడా ఒక ఇన్‌ఛార్జి ఉంటుంది, జర్మన్‌లో తిడుతుంది.

నాకిచ్చిన టైము దాటిందని ఆ సార్ వాచీ చూస్తున్నారు. ఇక్కడ చార్ట్ వేసేవాళ్లు కొందరున్నారు, ముందు వరుసలోనే. వచ్చే నెల చార్ట్ ఇప్పటికే సంచుల్లో ఉండి ఉంటుంది. ప్రశ్నలయ్యాక తీయండి, కలిసి చూద్దాం, నేను కళ్లజోడు తెచ్చుకున్నాను. ప్రశ్నలు మాత్రం వెనక వరుస నుంచి మొదలుపెడదాం. నైట్ చేసి వచ్చిన ఆరుగురివీ ముందు తీసుకుంటాను. ఆ తర్వాత వాళ్లు పోయి పడుకోవచ్చు. చెప్పమ్మా, నువ్వే, నీలం చున్నీ.